హనుమకొండ నుంచి క్రాబీకి ఆరుగురం

థాయిలాండ్ పోదామని ఇంట్లో మాట మొదలైనప్పుడు అందరూ ముందు టికెట్ రేట్లు చూశారు. నేను వానలు చూశాను. సముద్ర తీరపు ఉష్ణ దేశానికి పోయేవాళ్లు మొదట తేల్చుకోవాల్సింది ఏ నెలలో ఏ తీరం తెరిపిగా ఉంటుందన్నదే. అది తప్పితే ఎంత మంచి హోటల్ దొరికినా కిటికీలోంచి వాన చూస్తూ కూర్చోవాలి. పడవలు కదలవు, కట్టిన పైసల్లో సగం తిరిగి రావు.

థాయిలాండ్ దక్షిణ భాగం సన్నటి పట్టీలా కిందికి దిగుతుంది. పడమటి వైపు అండమాన్ సముద్రం. ఫుకెట్, క్రాబీ, ఫీఫీ దీవులు అటే. తూర్పు వైపు థాయిలాండ్ సింధుశాఖ. కో సముయ్, కో ఫాంగాన్, కో టావ్ ఇటు. మనకు జూన్‌లో వచ్చే నైరుతి రుతుపవనాలే పడమటి తీరాన్ని మే నుంచి అక్టోబర్ దాకా తడుపుతాయి. సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో అక్కడ వాన బాగా ఎక్కువ. మధ్యలో కొండలు అడ్డం ఉండటంతో తూర్పు దీవుల్లో అప్పుడు అంత పడదు. వాటికి అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య గాలులతో వస్తాయి. వరంగల్‌లో వానలు తగ్గాక నెల్లూరులో మొదలైనట్టే అనుకుంటే ఇది మరిచిపోం.

దీన్ని మన బడుల సెలవుల మీద పెట్టి చూశాను. సంక్రాంతికి పోయేవాళ్లకు క్రాబీ, ఫుకెట్ బాగుంటాయి. ఎండాకాలం సెలవుల్లో, అంటే మే నెలలో, సముయ్ వైపు నయం. బతుకమ్మ, దసరా సెలవులే కష్టమైనవి. పడమటి తీరంలో వాన ముదిరి ఉంటుంది, తూర్పున మొదలవబోతుంటుంది. ఆ సెలవుల్లో దీవులు పెట్టుకోకపోవడం మంచిది. ఫీఫీ దగ్గరి మాయా బే అయితే ఏటా ఆగస్టు 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా మూసే ఉంటుంది, సముద్రం కోలుకోవాలని. తెరిచి ఉన్న నెలల్లో కూడా అక్కడ ఈతకు ఒప్పుకోరు.

మాకు సంక్రాంతి సెలవులు కుదిరాయి కాబట్టి క్రాబీ ఖాయం చేసుకున్నాం. బాపు, అమ్మ, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు.

రెండో పని పాస్‌పోర్టులు. ప్రయాణం రోజుకు ఇంకా ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. పెద్దవాళ్లకు పదేళ్లు ఉంటుంది కదా అని పిల్లలవి చూడం. పదిహేనేళ్లలోపు పిల్లలకు ఐదేళ్లకే ఇస్తారు. మా చిన్నవాడిది సరిగ్గా ఆ సమయానికి అయిపోతున్నది. వరంగల్ హెడ్ పోస్టాఫీసులోనే పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉంది కాబట్టి హైదరాబాద్ పోవాల్సిన పని లేదు. పెద్దవాళ్లకు ఫీజు 1,500 రూపాయలు, పిల్లలకు 1,000. తత్కాల్ అయితే పైన మరో 2,000. పిల్లల దరఖాస్తుకు తల్లిదండ్రులిద్దరి సంతకంతో అనెక్స్చర్ డీ అనే ఒప్పుకోలు పత్రం పెట్టాలి. ఇద్దరిలో ఒకరు ఊళ్లో లేకపోతే ఆ సంతకం దగ్గరే పని ఆగుతుంది. పుస్తకం అట్ట ఊడినా, ఫొటో పేజీ ప్లాస్టిక్ పొర లేచినా, నీళ్లు తగిలి పేజీలు ఉబ్బినా కొత్తది తీసుకోవాలి. అట్లాంటి పుస్తకంతో పోతే శంషాబాద్ కౌంటర్ దగ్గరే ఆపేయొచ్చు.

కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ దిక్కు ఇళ్లలో చాలామందికి తెలిసిన ఇంకో విషయం ఈసీఆర్, అంటే పనికోసం బయటి దేశం పోయే ముందు సర్కారు అనుమతి కావాలనే ముద్ర. పదో తరగతి పాసైన కాగితం చూపనివాళ్ల పాస్‌పోర్టు మీద ఆ ముద్ర పడుతుంది. థాయిలాండ్ కూడా ఆ ముద్ర వర్తించే దేశాల జాబితాలో ఉంది. ఉద్యోగానికి కాదు, చూడటానికి పోతున్నవాళ్లకు అనుమతి పత్రం అక్కర్లేదు. కానీ రానూపోనూ టికెట్, హోటల్ బుకింగ్, ఇన్సూరెన్స్ కాగితాలు ఇమిగ్రేషన్ బల్ల మీద పెట్టగలగాలి. యాభై దాటినవాళ్లు పాస్‌పోర్టు మార్చుకునేటప్పుడు ఆ ముద్ర తీయించుకోవచ్చు. అమ్మది అట్లాగే తీయించాం.

ఇక పేర్లు. తెలుగువాళ్ల టికెట్లలో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే కాబట్టి దీని మీద కొంచెం ఆగుతాను. మన పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఇంటిపేరు, గివెన్ నేమ్ గడిలో అసలు పేరు ఉంటాయి. టికెట్‌లో లాస్ట్ నేమ్ అన్నచోట ఇంటిపేరు రాయాలి. మనం పలికేటప్పుడు ఇంటిపేరు ముందు వస్తుంది కాబట్టి చేయి అలవాటుగా దాన్ని ఫస్ట్ నేమ్‌లో కొట్టేస్తుంది. ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉండి పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉన్నా టికెట్ పాస్‌పోర్టు ప్రకారమే ఉండాలి. కొందరి పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగానే ఉంటుంది. అప్పుడు ఒక్కో విమాన సంస్థ ఒక్కో పద్ధతి చెప్తుంది: ఒకరు అసలు పేరునే రెండు గడుల్లో రాయమంటారు, ఇంకొకరు మరో గుర్తు పెట్టమంటారు. బుక్ చేసే ముందే వాళ్ల సైట్‌లో చూసుకోవాలి. మా టికెట్లు తీసిన ఏజెంటు బాపు పేరు ఆధార్ చూసి కొట్టాడు. సరిచేయడానికి రుసుము, నాలుగు రోజుల తిరుగుడు. అప్పటి నుంచి పాస్‌పోర్టు ఫొటో పేజీ కింద ఉండే రెండు వరుసల అక్షరాలను చూసి, ఒక్కో అక్షరం వేలుతో పట్టి సరిచూసుకున్నాకే పైసలు కడుతున్నాను. ఆ వరుసల్లో ఇంటిపేరు ముందు, రెండు బాణం గుర్తుల తర్వాత అసలు పేరు ఉంటాయి. అందులో ఉన్నదే మీ పేరు.

టికెట్‌లో ఇంకో గుంత తేదీ. హైదరాబాద్ నుంచి బయటి దేశాలకు పోయే విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాక ఉంటాయి. 14వ తేదీ 00:40 అని ఉంటే 13వ తేదీ సాయంత్రమే ఇల్లు కదలాలి. వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయం మళ్లీ తెరుచుకునేదాకా మనకు శంషాబాదే దిక్కు. హనుమకొండ నుంచి ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ ఎక్కి పోతే సుమారు 170 కిలోమీటర్లు. మూడున్నర గంటలు పెట్టుకుని, విమానానికి మూడు గంటల ముందు అక్కడ ఉండేటట్టు లెక్కేయాలి. కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ దిగి అక్కడి నుంచి విమానాశ్రయం బస్సు పట్టుకోవచ్చు గానీ, ముసలివాళ్లు, ఆరు పెట్టెలు ఉంటే కారు కిరాయే సుఖం. మేడారం జాతర జరిగే ఏడాది మాఘమాసంలో ప్రయాణం పడితే కారు నెల ముందే మాట్లాడుకోవాలి. ఆ వారంలో బండి దొరకదు, దొరికినా రోడ్డు కదలదు.

బ్యాంకాక్‌లో విమానం మారేవాళ్లు ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. అక్కడ విమానాశ్రయాలు రెండు, సువర్ణభూమి, డాన్ మువాంగ్. నగరానికి చెరో దిక్కున ఉన్నాయి. ఒకదాంట్లో దిగి రెండోదాంట్లో ఎక్కేటట్టు టికెట్లు విడివిడిగా కొంటే ఇమిగ్రేషన్ దాటాలి, పెట్టెలు తీసుకోవాలి, రోడ్డు మీద ట్రాఫిక్‌లో పోవాలి. రెండింటి మధ్య ఐదు గంటలకు తక్కువ వ్యవధి పెట్టుకోవద్దు. ఒకే టికెట్ మీద క్రాబీ దాకా తీసుకుంటే ధర కొంచెం ఎక్కువైనా, మొదటి విమానం ఆలస్యమైతే తర్వాతిది చూపించే బాధ్యత విమాన సంస్థది. లోపలి విమానాల్లో చేతి సంచికి 7 కిలోలే. అక్కడ తూకం వేస్తారు.

వీసా సంగతి. 2024 జులై 15 నుంచి మనవాళ్లకు 60 రోజుల దాకా వీసా లేకుండా పోయే వీలు ఇచ్చారు. ఇట్లాంటి గడువులు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనే రోజు ఢిల్లీలోని థాయ్ రాయబార కార్యాలయం సైట్ చూసి కొనాలి. వీసా లేకపోయినా 2025 మే 1 నుంచి టీడీఏసీ అనే రాక కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి. దిగే రోజుకు ముందు మూడు రోజుల్లోపే నింపాలి. పిల్లలకు కూడా విడిగా కావాలి. దీనికి రుసుము లేదు. వెతికితే ముందు వచ్చే కొన్ని సైట్లు పైసలు అడుగుతాయి, అవి సర్కారువి కావు. థాయ్ ఇమిగ్రేషన్ వాళ్ల సొంత సైట్‌లోనే నింపి, వచ్చిన క్యూఆర్ కోడ్ ఆరుగురివీ ఫోన్‌లో పెట్టుకుని, కాగితం మీద కూడా తీసుకున్నాం. ఫోన్ చార్జింగ్ అయిపోయినా పని ఆగొద్దని. చేతిలో డబ్బు ఉందా అని అక్కడి అధికారి అడగొచ్చు. మనిషికి 20,000 బాత్‌కు (బాత్ అంటే అక్కడి డబ్బు) సరిపడా చూపగలిగితే నిశ్చింత.

డబ్బు మూడు రకాలుగా పెట్టుకున్నాం: కొంత డాలర్ నోట్లు, ఒక ఫారెక్స్ కార్డు, ఆపదకు ఒక క్రెడిట్ కార్డు. వంద డాలర్ల నోటుకు వచ్చే రేటు చిన్న నోట్లకు రాదు. గీత పడిన, చిరిగిన నోట్లు అక్కడ తీసుకోరు కాబట్టి ఇక్కడ తీసుకునేటప్పుడే ఒక్కో నోటు వెలుతురులో పెట్టి చూసుకోవాలి. విమానాశ్రయంలో దిగగానే ఆ రోజు ఖర్చుకు సరిపడా మాత్రమే మార్చుకుని మిగతాది ఊళ్లో మార్చుకోవాలి. ఏటీఎం ఒక్కసారి వాడితే అక్కడి బ్యాంకు 220 బాత్ లేదా అంతకు మించి కోస్తుంది. కాబట్టి చిన్న మొత్తాలు పలుమార్లు తీయొద్దు. యంత్రం గానీ, దుకాణం మిషన్ గానీ ‘రూపాయల్లో కట్టమంటారా, బాత్‌ల్లోనా’ అని అడిగితే బాత్‌లే నొక్కాలి. రూపాయలు నొక్కితే వాళ్ల ఇష్టం వచ్చిన రేటు పడుతుంది. టూర్ ప్యాకేజీ కొన్నవాళ్ల దగ్గర టీసీఎస్ అనే పన్ను ముందే పట్టుకుంటారు. ఆ రసీదు దాచిపెట్టుకుంటే ఐటీ రిటర్న్‌లో లెక్కకు వస్తుంది. ఇక్కడి సిమ్‌కు రోమింగ్ తెరిపించి, డేటా మాత్రం ఆపేయాలి. బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి. సిమ్ తీసి పక్కన పెట్టినవాళ్లు అక్కడ కార్డు వాడలేక ఇబ్బంది పడతారు.

సామాన్ల విషయంలో ఇంటి నుంచి పోయేవాటిలో మూడు చోట్ల తప్పు జరుగుతుంది. పచ్చడి సీసా చేతి సంచిలో పెడితే వదలరు. నూనె కారకుండా రెండు కవర్లలో కట్టి పెద్ద పెట్టెలో పెట్టాలి. ఎండు కొబ్బరి చిప్పలు ఏ పెట్టెలోనూ పెట్టొద్దు. దాంట్లోని నూనెకు తనంతట తానే వేడెక్కి అంటుకునే గుణం ఉందని విమానాల్లో నిషేధం. పూజ సామాన్లలో అలవాటుగా పడేసేది అదే. పవర్ బ్యాంకు దీనికి తిరగమరగ, చేతి సంచిలోనే ఉండాలి, పెద్ద పెట్టెలో పెడితే పెట్టె తెరిపిస్తారు. మేము సకినాలు తీసుకపోయాం, వారం దాకా మెత్తబడకుండా డబ్బా బిగుతుగా మూయాలి, గాలిలో అంత తేమ. సర్వపిండి మొదటి రోజు ప్రయాణానికే. మాంసం, పాల సరుకులు, తాజా పండ్లు తీసుకపోవద్దు. ఈ-సిగరెట్ థాయిలాండ్‌లో నేరం, ఎవరి సంచిలోనూ ఉండకూడదు.

బాపుకు బీపీ, షుగర్. మందులు పది రోజులకు బదులు పదిహేను రోజులకు, పట్టీలు విప్పకుండా, సగం చేతి సంచిలో, సగం పెట్టెలో. డాక్టర్ చీటీ మీద మందు అసలు పేరు ఇంగ్లిష్‌లో రాయించాం. నిద్ర మాత్రలు, ట్రమడాల్, కొడీన్ ఉన్న దగ్గు మందులు అక్కడ అదుపులో ఉన్న మందులు. చీటీ లేకుండా సంచిలో ఉంటే చిక్కే. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ఉన్న జబ్బులు దాచొద్దు. దాచితే దవాఖాన బిల్లు మన మీదే పడుతుంది. 50,000 డాలర్ల వైద్య ఖర్చుకు తక్కువ పాలసీ తీసుకోలేదు. స్కూటర్ కిరాయికి తీసుకునేవాళ్లు పాలసీ కాగితం ఆసాంతం చదవాలి. బైక్ నడిపే హక్కుతో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ లేకుండా పడితే చాలా పాలసీలు పైసా ఇవ్వవు. పాస్‌పోర్టు తాకట్టు పెట్టమనే దుకాణంలో బండి తీసుకోనే వద్దు.

అక్కడి వేడి గురించి మనవాళ్లు తప్పు అంచనా వేస్తారు. వరంగల్‌లో 44 డిగ్రీలు చూసినవాళ్లం, 32 ఏం చేస్తుంది అనుకుంటాం. మన ఎండలో గాలి పొడిగా ఉంటుంది, చెమట ఆరి ఒళ్లు చల్లబడుతుంది. అక్కడ గాలి నిండా తేమ, చెమట ఆరదు, ఒంటి మీదే కారుతుంది. అందుకే పదకొండు నుంచి మూడు దాకా పెద్దవాళ్లను గదిలో ఉంచి, పొద్దున ఏడింటికే బయటికి పోయేవాళ్లం. మందపు కాటన్ అంగీ ఉతికితే రెండు రోజులైనా ఆరలేదు. పల్చటి రేయాన్ బట్టలు, మన పల్చటి తువ్వాళ్లు ఒక్క రాత్రిలో ఆరాయి. ఓఆర్‌ఎస్ పొట్లాలు రోజుకు రెండు చొప్పున పెట్టుకున్నాం. పెద్ద పొట్లం ఒక లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి, గ్లాసులో సగం పొట్లం వేస్తే ఉప్పు ఎక్కువై వాంతి వస్తుంది. కుళాయి నీళ్లు తాగొద్దు.

ఇప్పుడు అన్నిటికన్నా ఉపయోగపడ్డ వస్తువు చెప్తాను. ఇంటి గోడ మీది తెలుగు క్యాలెండర్. క్రాబీలో సముద్రం పోటు (నీళ్లు పైకి రావడం), పాటు (నీళ్లు తీయడం) మధ్య తేడా అమావాస్య, పౌర్ణమి చుట్టూ రెండు మీటర్లు దాటుతుంది, అష్టమి దగ్గర తగ్గుతుంది. రైలే బీచ్‌కు రోడ్డు లేదు. ఆవ్ నాంగ్ నుంచి పొడుగాటి తోక మోటారు పడవలో పదిహేను నిమిషాలు. నీళ్లు తీసిన వేళ పడవ ఒడ్డు దాకా రాలేదు. నడుములు నొప్పులున్న అమ్మ పడవ అంచు మీద నుంచి మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి, జారే రాళ్ల మీద వంద అడుగులు నడవాల్సి వచ్చింది. మరోసారి పోటు వేళ చూసుకుని పోతే పడవ ముక్కు ఇసుకను తాకింది, మెట్టు మీద నుంచి ఒక్క అడుగు. అదే పౌర్ణమి చుట్టూ ఉండే లోతైన పాటు ఇంకో చోట కావాలి: టప్ దీవి, చికెన్ దీవి మధ్య నీళ్లు తీసినప్పుడే ఇసుక దారి పైకి లేస్తుంది. దాని మీద నడవడానికే నాలుగు దీవుల పర్యటనకు జనం పోతారు. కాబట్టి తిథి చూసి తేదీలు, ఆ రోజు పోటుపాటుల పట్టిక చూసి గంటలు పెట్టుకోవాలి. పట్టిక ఫోన్‌లో దొరుకుతుంది, హోటల్ వాళ్లనడిగినా చెప్తారు. రబ్బరు అడుగున్న, వెనక పట్టీ ఉన్న చెప్పులు అందరికీ ఉండాలి.

పడవ ప్రయాణం రోజు విడిచి రోజు పెట్టుకున్నాం. స్పీడ్ బోట్‌లో ముందు సీట్లలో దెబ్బ ఎక్కువ, అలల మీద ఎగిరి పడుతుంది. వెన్నునొప్పి ఉన్నవాళ్లు, గర్భిణులు అందులో ఎక్కనే వద్దు, పెద్ద ఫెర్రీ మంచిది. కడుపులో తిప్పేవాళ్లు డాక్టర్‌నడిగి తెచ్చుకున్న మాత్ర ఎక్కిన తర్వాత కాదు, అరగంట ముందు వేసుకోవాలి. ఫీఫీ జాతీయ పార్కుకు విదేశీ పెద్దవాళ్లకు 400 బాత్, పిల్లలకు 200 రుసుము. టూర్ ధరలో కలిపారో లేదో ముందే అడగాలి. పగడపు దిబ్బలకు హాని చేసే ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్న సన్‌స్క్రీన్‌లు 2021 నుంచి సముద్ర పార్కుల్లో నిషేధం. ఇక్కడ కొనేటప్పుడే వెనక రాసింది చదివి జింక్ ఆక్సైడ్‌ది తీసుకున్నాం.

ఎర్ర జెండా ఉన్నచోట మోకాళ్ల లోతు కూడా దిగొద్దు. అల వెనక్కి లాగుతుంటే ఒడ్డు వైపు ఎదురీదకుండా, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది బయటపడాలి. జెల్లీఫిష్ కుడితే రుద్దొద్దు, మంచినీళ్లు పోయొద్దు. వెనిగర్ కనీసం అర నిమిషం ధారగా పోయాలి. కొన్ని బీచ్‌ల్లో దానికోసమే సీసాలు కట్టిన స్తంభాలుంటాయి. మేము ఒక చిన్న సీసా కొని వెంటే పెట్టుకున్నాం. అంబులెన్స్‌కు 1669, టూరిస్ట్ పోలీసుకు 1155. రెండు నంబర్లూ పిల్లల మెడలో వేసిన చీటీల మీద కూడా రాశాను.

అమ్మ శాకాహారి. అక్కడ కూరగాయల కూరలో కూడా చేపల రసం పడుతుంది, పేరు నామ్ ప్లా. రొయ్యల ముద్ద కూడా. మాంసం వద్దంటే సరిపోదు. ‘జే’ అని చెప్పాలి, అంటే జంతువుల నుంచి వచ్చేదేదీ లేని తిండి. పసుపు రంగు గుడ్డ మీద ఎర్రటి ‘జే’ అక్షరం ఉన్న దుకాణం కనిపిస్తే చేప, గుడ్డు, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. ఆ అక్షరం ఫొటో ఫోన్‌లో పెట్టుకుని చూపించేవాళ్లం. క్రాబీలో ముస్లింలు చాలామంది ఉన్నారు కాబట్టి వీధి వీధినా మన పరోటాలాంటి రోటీ బండ్లున్నాయి. గుడ్డు వేయొద్దని పిండి సాగదీసే లోపే చెప్పాలి. తెల్లన్నం ఎక్కడైనా దొరుకుతుంది, పచ్చడి పెట్టెలో ఉంది కాబట్టి బాపుకు ఇబ్బంది రాలేదు. పెరుగు మాత్రం దుకాణాల్లో ఎక్కువగా తియ్యగానే ఉంటుంది, షుగర్ ఉన్నవాళ్లు చూసి తీసుకోవాలి.

ప్లగ్గు విషయం చిన్నదే. కరెంటు 220 వోల్టులే, కానీ మన మూడు గుండ్రటి కాళ్ల ప్లగ్గు అక్కడి బోర్డులో పట్టదు, రెండు కాళ్ల చార్జర్ పడుతుంది.

వచ్చేటప్పుడు గవ్వలు, పగడపు ముక్కలు పిల్లల జేబుల్లో ఉంటే తీయించాలి, తీసుకరావడం నేరం. ఒంటి మీది బంగారం ఎక్కువుంటే పోయేటప్పుడే శంషాబాద్ కస్టమ్స్ దగ్గర చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకుంటే తిరిగొచ్చినప్పుడు కొత్తగా కొన్నదని అనరు. ఇంటికి చేరాక రెండు వారాల్లోపు ఎవరికైనా జ్వరం, కళ్ల వెనక నొప్పి వస్తే, డాక్టర్‌కు మొదటి మాటగా ఎక్కడికి పోయొచ్చామో చెప్పాలి. డెంగీ అక్కడా ఉంది, ఆ దోమ పగటిపూటే కుడుతుంది. రక్తపరీక్ష చేయించేదాకా ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వేసుకోకుండా పారాసిటమాల్‌తోనే ఆపుకోవాలి.